ఫైవ్-పిన్ ఛాంపియన్ ఆట, జీవితం: తరచుగా అడిగే ప్రశ్నలు

టొరంటో చుట్టుపక్కల మన తెలుగువాళ్ళ ఇళ్ళలో ఏ పూజకో పుట్టినరోజుకో వెళ్తాను. నేను ప్రతి మంగళవారం రాత్రి ఫైవ్-పిన్ బౌలింగ్ లీగ్‌లో ఆడతానని తెలియగానే ప్రశ్నలు మొదలవుతాయి. పదేళ్ళుగా అడుగుతున్నవి దాదాపు అవే ప్రశ్నలు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాశాను. నేను ఛాంపియన్‌ని కాదు, లీగ్ ఆటగాణ్ణి. అయితే ప్రావిన్స్ (మన రాష్ట్రం లాంటిది) జట్లకు ఆడినవాళ్ళ పక్క లేన్‌లో చాలా సాయంత్రాలు ఆడాను, వాళ్ళతో కూర్చుని చాలా కాఫీలు తాగాను. ఇక్కడ రాసినదంతా ఆ చనువుతోనే.

ఫైవ్-పిన్ అంటే మాల్‌లో ఆడే బౌలింగేనా?

కాదు. హైదరాబాద్ మాల్స్‌లో మనం ఆడేది టెన్-పిన్. అందులో పది పిన్నులుంటాయి. బంతి పెద్దది, వేళ్ళు దూర్చడానికి రంధ్రాలుంటాయి, బరువు 16 పౌన్ల దాకా ఉండొచ్చు. ఫైవ్-పిన్ బంతి అరచేతిలో ఇమిడిపోతుంది. అడ్డంగా దాదాపు 5 అంగుళాలు, బరువు మూడున్నర పౌన్లు, రంధ్రాలు ఉండవు. పిన్నులు ఐదే. అవి కూడా పొట్టివి, నడుముకు రబ్బరు పట్టీ ఉంటుంది. లేన్ పొడవు మాత్రం రెండింటికీ ఒకటే, 60 అడుగులు.

చిన్నప్పుడు ఏడుపెంకులాట ఆడినవాళ్ళకు ఈ బంతి చేతికి రాగానే పరిచయమైనదానిలా అనిపిస్తుంది. నాకైతే అలాగే అనిపించింది.

దీన్ని ఎవరు కనిపెట్టారు?

థామస్ ర్యాన్. అందరూ టామీ ర్యాన్ అనేవారు. టొరంటోలో యంగ్, టెంపరెన్స్ వీధులు కలిసే చోట ఆయనకు టొరంటో బౌలింగ్ క్లబ్ అని ఒక టెన్-పిన్ క్లబ్ ఉండేది. చుట్టుపక్కల ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు మధ్యాహ్నం భోజన విరామంలో వచ్చి ఆడేవారు. బంతి బరువు మోయలేక వాళ్ళ చేతులు నొప్పులు పుట్టేవి. పైగా ఆట త్వరగా తెమిలేది కాదు. ర్యాన్ ఈ ఫిర్యాదుల్ని పట్టించుకున్నాడు. తన తండ్రి చేత ఐదు పిన్నుల్ని లేత్ మీద చిన్నవిగా చెక్కించి, వాటిని దూరదూరంగా నిలబెట్టి, చేతిలో పట్టే గట్టి రబ్బరు బంతితో ఆడించాడు. ఇది 1909 నాటి మాట.

చెక్కిన పిన్నులు మరీ తేలికైపోయి, బంతి తగలగానే ఎగిరిపడేవి. మేడ మీది కిటికీలోంచి కింద వీధిలోకి కూడా పడేవని చెప్పుకుంటారు. అందుకని 1912లో పిన్నుల నడుముకు రబ్బరు పట్టీ తొడిగారు. దాంతో ఎగరడం తగ్గింది, దెబ్బతిన్న పిన్ను పక్కకి జారి మరో పిన్నును పడగొట్టడం మొదలైంది. ఇప్పటి ఆటకు ప్రాణం ఆ పట్టీలోనే ఉందని నేనంటాను.

ర్యాన్ పేటెంట్ తీసుకోలేదు. దేశమంతా ఆడిన ఆట నుంచి ఆయనకు రాయల్టీ రూపంలో పైసా కూడా రాలేదు. 1961లో చనిపోయాడు. 2007లో సీబీసీ టీవీ కెనడా గొప్ప ఆవిష్కరణల మీద ఓటింగ్ పెడితే ఇన్సులిన్, టెలిఫోన్, బల్బుల తర్వాత నాలుగో స్థానం ఫైవ్-పిన్‌కి వచ్చింది. 2009లో ఆటకు వందేళ్ళు నిండినప్పుడు కెనడా పోస్ట్ స్టాంపు కూడా వేసింది.

పాయింట్లు ఎలా లెక్కిస్తారు?

పిన్నులు బాణం మొనలా మనవైపు తిరిగి ఉంటాయి. అన్నిటికన్నా ముందున్నది హెడ్‌పిన్, దానికి 5. దాని వెనక ఇరుపక్కలా ఉన్న రెండింటికి చెరో 3. చివరి మూలల్లో ఉన్న కార్నర్ పిన్నులకు చెరో 2. మొత్తం 15. ఒక ఫ్రేముకు మూడు బంతులు, గేముకు పది ఫ్రేములు.

మొదటి బంతికే అన్నీ పడితే స్ట్రైక్. ఆ 15కి తర్వాతి రెండు బంతుల పాయింట్లు కలుస్తాయి. రెండో బంతికి అన్నీ పడితే స్పేర్, దానికి తర్వాతి ఒక్క బంతి కలుస్తుంది. మూడో బంతికి అన్నీ పడితే 15 మాత్రమే, బోనస్ ఉండదు. గీత దాటి అడుగు వేస్తే ఫౌల్, ఒక్కోదానికి గేము చివర్లో 15 పాయింట్లు కోస్తారు. పదో ఫ్రేములో మాత్రం స్ట్రైక్ పడినా మూడు బంతులూ వేస్తారు. అలా పన్నెండు బంతులూ స్ట్రైకులే అయితే 450. అంతకు మించి స్కోరు లేదు.

పాత రోజుల్లో లెక్క వేరుగా ఉండేది. పిన్నుల విలువలు ఎడమనుంచి కుడికి 4, 2, 1, 3, 5. కౌంటర్ పిన్ అనే ఒక పిన్ను పడితే తప్ప మిగతావి లెక్కలోకి వచ్చేవి కావు. ఆ పద్ధతిలో ఆడి ఛాంపియన్లు అయినవాళ్ళ స్కోర్లను ఇప్పటి స్కోర్లతో పోల్చడం అన్యాయం.

బంతి చిన్నది, తేలిక. మరి ఛాంపియన్‌కీ మామూలు ఆటగాడికీ తేడా ఏముంటుంది?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడమంటే నాకు చాలా ఇష్టం, అందుకని కొంచెం పొడుగ్గా చెప్తాను.

టెన్-పిన్‌లో ముందున్న పిన్ను వెనక ఇంకా పిన్నులుంటాయి. ఎక్కడ తగిలినా ఏదో ఒకటి కదులుతుంది. ఫైవ్-పిన్‌లో హెడ్‌పిన్ వెనక ఏమీ లేదు, అంతా ఖాళీ. బంతి హెడ్‌పిన్‌కి నిండుగా, నడిమధ్యన తగిలిందనుకోండి. అది నేరుగా వెనక్కి ఎగిరిపోతుంది, బంతి కూడా దాని వెంటే ఆ ఖాళీలోంచి వెళ్ళిపోతుంది. మిగతా నాలుగు పిన్నులూ కదలకుండా నిలబడి మనల్ని చూస్తుంటాయి. స్కోరు 5. లీగ్‌లో దీన్ని హెడ్‌పిన్ తీశాడనో, పంచ్ చేశాడనో అంటాం. గురి చూసి సరిగ్గా మధ్యలో కొట్టినవాడికి ఈ ఆటలో దక్కేది అదే.

స్ట్రైక్ కావాలంటే బంతి హెడ్‌పిన్‌ని కొంచెం పక్కగా తాకాలి. అప్పుడు బంతి ఒక పక్క పిన్నుల మీదికి, హెడ్‌పిన్ రెండో పక్క పిన్నుల మీదికి విడిపోతాయి. మరీ పక్కకి తాకితే ఒకవైపు పిన్నులు మాత్రమే పడి రెండోవైపువి మిగిలిపోతాయి. దాన్ని చాప్ అంటారు, స్కోరు 10. రెండు మూలలూ మిగిలితే ఏసెస్, 11. ఒక మూలే మిగిలితే 13. నిండుగా తగలడానికీ, కాస్త పక్కగా తగలడానికీ మధ్య తేడా ఒక అంగుళం లోపే. 60 అడుగుల దూరం నుంచి, రంధ్రాలు లేని బంతిని వేళ్ళ చివరలతో తిప్పి వదులుతూ, ఆ అంగుళాన్ని పదేపదే పట్టుకోవాలి.

ఎంత గొప్ప ఆటగాడైనా ప్రతిసారీ పట్టుకోలేడు. నా పక్క లేన్‌లో ఒక పెద్దాయన ఆడేవాడు, చాలా ఏళ్ళు ప్రావిన్స్‌కి ఆడిన మనిషి. ఆయన కూడా గేముకు ఒకటి రెండుసార్లు హెడ్‌పిన్ తీసేవాడు. నేను చూసిందల్లా ఆ తర్వాత ఆయన ఏం చేసేవాడన్నదే. మనమైతే చేతులు విదిలిస్తాం, లేన్‌ని తిట్టుకుంటాం, టెన్షన్‌తో రెండో బంతిని గబుక్కున వేసేస్తాం. ఆయన బంతుల స్టాండు దగ్గరికి నడిచి వెళ్ళి, చెయ్యి తుడుచుకుని, రెండో బంతితో ఎడమ జంట, మూడో బంతితో కుడి జంట పడగొట్టి 15 రాయించుకుని కూర్చునేవాడు. మనకు 5, 8, 10 దగ్గర ఆగిపోయే ఫ్రేములో ఆయనకు ఎప్పుడూ 15 వచ్చేది. ఒక్క ఫ్రేములో ఐదు నుంచి పది పాయింట్ల తేడా అంటే చిన్నదే. కానీ ఒక టోర్నమెంటులో ఎన్ని ఫ్రేములుంటాయో లెక్కేసుకోండి.

అయితే స్ట్రైకులు అక్కర్లేదా?

కచ్చితంగా కావాలి. స్ట్రైక్ గానీ స్పేర్ గానీ ఒక్కటీ లేకుండా, ప్రతి ఫ్రేములో మూడు బంతులతో పదిహేనూ తీసినా గేము 150 దగ్గరే ఆగిపోతుంది. లీగ్‌లో 200 సగటు ఉన్నవాళ్ళకు మంచి పేరుంటుంది. పెద్ద పోటీల్లో నిలవాలంటే సగటు 250 దాటాలి. అంటే వరసగా మూడు, నాలుగు స్ట్రైకులు పడటం అలవాటుగా మారాలి. స్ట్రైకులతో స్కోరు ఎగబాకుతుంది, స్ట్రైక్ పడనప్పుడు ఆ స్కోరు జారిపోకుండా చూసుకోవడమే మిగతా పని.

450 కొట్టడం ఎంత కష్టం?

చాలా కష్టం. బాగా వేసిన బంతికి కూడా ఐదే వచ్చే ఆటలో పన్నెండుసార్లు వరసగా అన్నీ పడాలి. జీవితమంతా పై స్థాయిలో ఆడి, ఒక్క 450 కూడా లేని ఛాంపియన్లు ఉన్నారు. 450 కొట్టి, ఒక్క జాతీయ పతకం కూడా లేని లీగ్ ఆటగాళ్ళూ ఉన్నారు.

ఒకసారి మా హాల్లో ఒకాయన తొమ్మిది వరస స్ట్రైకులతో పదో ఫ్రేముకి వచ్చాడు. పక్క లేన్లన్నీ ఆగిపోయాయి. ఎవరూ ఆయనతో మాట్లాడలేదు, ఆయన కళ్ళల్లోకి కూడా చూడలేదు. పదో ఫ్రేము మొదటి బంతి హెడ్‌పిన్ తీసింది. అంతా ఒక్కసారిగా ఊపిరి వదిలాం. ఆయన మాత్రం మిగిలిన రెండు జంటలూ తీసి 15 చేసుకున్నాకే వెనక్కి తిరిగాడు.

ఛాంపియన్ అవ్వాలంటే దారి ఏమిటి?

అందరి దారీ స్థానిక లీగ్ దగ్గరే మొదలవుతుంది. సెప్టెంబరులో మొదలై వసంతం దాకా, వారానికి ఒక రాత్రి ఆట. పెద్దల్లో పై స్థాయి పోటీని ఓపెన్ అంటారు. కెనడియన్ ఫైవ్-పిన్ బౌలర్స్ అసోసియేషన్ దాన్ని నడుపుతుంది. ముందు జోన్‌లో గెలవాలి, తర్వాత ప్రావిన్స్‌లో, ఆ తర్వాత జాతీయ పోటీ. పురుషుల జట్టు, మహిళల జట్టు, మిక్స్‌డ్ జట్టు, ఇవి కాక సింగిల్స్ ఉంటాయి. ఒంటారియో పెద్దది కాబట్టి ఉత్తర, దక్షిణ ఒంటారియోలు విడివిడిగా వస్తాయి.

దీనికి సమాంతరంగా మాస్టర్ బౌలర్స్ అసోసియేషన్ ఉంది. టోర్నమెంట్ ఆటగాళ్ళకు, నేర్పేవాళ్ళకు, సీనియర్లకు అందులో విడివిడి విభాగాలున్నాయి. నేర్పేవాళ్ళకు కూడా పోటీ ఉండటం నాకు బాగా నచ్చింది. పిల్లలకు లీగ్‌లో ఫారాలు నింపి, బూట్లు వెతికిపెట్టే కోచ్ కూడా జాతీయ వేదిక మీద నిలబడగలడు.

సగటు తక్కువున్నవాళ్ళకు వేరే పోటీలు ఉంటాయి. మీ సగటు 150 అయి, ఆ రోజు 190 కొడితే మీకు 40 ప్లస్. సగటు కన్నా ఎవరు ఎంత ఎక్కువ కొట్టారన్నదే అక్కడ లెక్క. చాలామందికి పెద్ద పోటీ రుచి తగిలేది అక్కడే.

వీళ్ళకు ప్రపంచ ఛాంపియన్‌షిప్ లేదా?

లేదు. ఈ ఆటను ఆడేది ఒక్క కెనడాలోనే. అక్కడ కూడా అంతటా కాదు. న్యూ బ్రన్స్‌విక్, నోవా స్కోషియాల్లో కాండిల్‌పిన్ అనే వేరే ఆట ఉంది, అది అమెరికాలోని మసాచుసెట్స్‌లో పుట్టింది. ఒలింపిక్స్‌లో ఫైవ్-పిన్ లేదు. కాబట్టి కెనడా ఛాంపియనే ఈ భూమ్మీద అందరికన్నా బాగా ఆడే మనిషి. విమానాశ్రయంలో ఆ మనిషి మీ పక్కన నిలబడినా మీరు గుర్తుపట్టరు.

డబ్బులు బాగా వస్తాయా?

రావు. బౌలింగ్‌తో ఇల్లు గడిచేది టెన్-పిన్‌లో, అది కూడా కొద్దిమందికే. అమెరికాలో ఎర్ల్ ఆంథొనీ అనే ఎడమచేతి ఆటగాడు ఉండేవాడు. టకోమాలో కిరాణా గోదాములో రాత్రి షిఫ్టు చేస్తూ బౌలింగ్ నేర్చుకున్నాడు. 1975లో ఒక్క సీజన్‌లోనే లక్ష డాలర్లు దాటిన తొలి బౌలర్ ఆయనే, 1982లో కెరీర్ మొత్తం మీద పది లక్షలు దాటిన తొలి బౌలరూ ఆయనే. ఆయన ఉద్యోగం వదిలి ఆడటానికి అక్కడ ఒక ప్రొఫెషనల్ టూర్ ఉంది, టీవీ ఉంది, స్పాన్సర్లున్నారు.

ఫైవ్-పిన్‌లో అలాంటి టూర్ లేదు. ప్రైజ్ మనీ ఉన్న టోర్నమెంట్లు ఉన్నాయి, కానీ వాటితో ఎవరూ ఉద్యోగం మానలేరు. నాకు తెలిసిన పెద్ద ఆటగాళ్ళలో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు, బడి బస్సు నడిపే ఆమె ఉంది, బ్యాంకు ఉద్యోగి ఉన్నాడు. జాతీయ పోటీకి వెళ్ళడానికి వాళ్ళు ఏడాది సెలవుల్లోంచి వారం తీసి పక్కన పెట్టుకుంటారు. సోమవారం మళ్ళీ పనిలోకి వెళ్తే, మెడలో నిన్న పతకం వేశారని పక్క సీటు మనిషికి కూడా తెలీదు. ఇంత సాధించినవాళ్ళను దేశం ఇంత తక్కువగా పట్టించుకోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇంట్లోవాళ్ళు ఎలా ఒప్పుకుంటారు?

చాలాసార్లు ఇంట్లోవాళ్ళు కూడా ఆడతారు. అమ్మానాన్నలు ఒకే లీగ్‌లో, పిల్లలు శనివారం పొద్దున యూత్ లీగ్‌లో, తాత సీనియర్స్‌లో. జట్టులో ఒకరు మామ, ఒకరు కోడలు ఉండటం ఇక్కడ ఎవరికీ వింత కాదు. మా ఇంట్లో మాత్రం మొదట్లో గొడవే అయింది, వారానికో రాత్రి కదా. తర్వాత మా ఆవిడ కూడా చేరింది. ఇప్పుడు తన సగటు నాకన్నా ఎక్కువ.

దెబ్బలు తగులుతాయా? ఎంత వయసు దాకా ఆడొచ్చు?

బంతి తేలికే, కానీ అడుగులు తేలిక కాదు. ప్రతిసారీ ఒకే మోకాలి మీద వంగి, జారుతూ ఆగాలి. గేములో తక్కువలో తక్కువ 12 బంతులు, ఎక్కువలో ఎక్కువ 30. టోర్నమెంట్ రోజున పలు గేములు ఆడాక మోకాలు, నడుము, భుజం మూడూ లెక్క అడుగుతాయి. పాత ఆటగాళ్ళలో చాలామంది మోకాలికి పట్టీ కట్టుకుని ఆడతారు.

వయసుకు మాత్రం ఈ ఆట దయగా ఉంటుంది. ఎనభై దాటినవాళ్ళు కూడా మధ్యాహ్నం లీగుల్లో ఆడతారు. స్పెషల్ ఒలింపిక్స్ కెనడాలో ఫైవ్-పిన్ ఒక అధికారిక క్రీడ. ఆ ఆటగాళ్ళు వచ్చే రోజు మా హాల్లో ఉన్నంత సందడి ఇంకెప్పుడూ ఉండదు.

ఈ ఆట అంతరించిపోతోందా?

హాళ్ళు తగ్గుతున్నాయన్నది నిజం. పెద్ద నగరాల్లో భూమి ధరలు పెరిగి, లేన్లు ఉన్న చోట అపార్టుమెంట్లు లేస్తున్నాయి. కొన్ని హాళ్ళు ఫైవ్-పిన్ తీసేసి టెన్-పిన్ పెట్టుకున్నాయి. నేను మొదట ఆడిన హాలు కూడా ఇప్పుడు లేదు. మూసిన చివరి రాత్రి, గోడ మీది పాత స్కోరు బోర్డుల్లో తమ పేర్లున్నవాళ్ళు వాటిని విప్పి ఇంటికి పట్టుకెళ్ళారు. హాలు పోతే లీగ్ చెదిరిపోతుంది, లీగ్ లేకపోతే ఆ ఊరినుంచి ఇక ఛాంపియన్ రాడు. సస్కాచువాన్, మానిటోబా చిన్న ఊళ్ళలో ఇంకా ఆడుతున్న హాళ్ళ గురించి విన్నప్పుడల్లా ధైర్యం వస్తుంది.

మా పిల్లల్ని చేర్పించాలంటే?

దగ్గర్లో ఉన్న ఫైవ్-పిన్ హాలుకి ఆగస్టు చివర్లో ఫోన్ చేయండి. యూత్ బౌలింగ్ కెనడా కింద వయసును బట్టి బాంటమ్, జూనియర్, సీనియర్ విభాగాలుంటాయి, ఇంకా చిన్నవాళ్ళకు పీవీ ఉంటుంది. బూట్లు, బంతులు హాలులోనే ఇస్తారు. సొంత బంతులు మొదట్లోనే కొనకండి. చెయ్యి పెరుగుతూ ఉంటుంది కాబట్టి ఏ సైజు, ఏ బరువు కుదురుతుందో రెండు సీజన్లు ఆడితే తప్ప తెలియదు.

మన పిల్లలకు ఇందులో ఒక సౌకర్యం ఉంది. పొడుగు, బలం ఇక్కడ పెద్దగా లెక్కలోకి రావు. హాకీకి వెళ్ళి బెంచీ మీద కూర్చున్న పిల్లవాడు ఇక్కడ ప్రతి ఫ్రేమూ ఆడతాడు. హాకీతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ.

ఛాంపియన్‌ని చూడటానికి వెళ్తే, ఏం గమనించాలి?

పోటీలు చూడటానికి ఎవరైనా వెళ్ళొచ్చు. వెనక బల్లల దగ్గర కూర్చోండి. మొదటి ఐదు నిమిషాలు పిన్నుల వైపు చూడకండి, పాదాలు చూడండి. ప్రతిసారీ అదే చోట నిలబడతారు, అన్నే అడుగులు వేస్తారు, చివరి అడుగు గీతకు అంతే దూరంలో ఆగుతుంది. బంతి చప్పుడు లేకుండా నేలను తాకుతుంది. లేన్ మీద బంతి ధన్‌మని పడితే ఎవరో కొత్తవాళ్ళు వేశారన్నమాట.

తర్వాత హెడ్‌పిన్ తీసే ఫ్రేము కోసం ఎదురుచూడండి. తప్పకుండా వస్తుంది. అది వచ్చినప్పుడు పిన్నుల్ని వదిలేసి ఆ మనిషి భుజాలు చూడండి. మా పెద్దాయన చివరి సీజన్‌లో నేను అదే చూసేవాణ్ణి. అప్పటికి ఆయన సగటు బాగా పడిపోయింది, మోకాలు వంగేది కాదు. అయినా ఐదు పడి నాలుగు పిన్నులు మిగిలినప్పుడు ఆయన భుజాలు కొంచెం కూడా జారేవి కావు. చెయ్యి తుడుచుకునేవాడు, రెండో బంతి తీసుకునేవాడు.